రోటర్‌డాము రేవు బురద

రైను నది సముద్రమును చేరు చోట రోటర్‌డాము రేవు ఉన్నది. 1872లో క్రొత్త జలమార్గమును త్రవ్వి పెద్ద ఓడలను నగరము వఱకు రప్పించిరి గాని, నది తెచ్చు ఒండ్రును ఆపజాలరైరి. నాటినుండి అచట బురద తోడుట నిత్యకృత్యము. విశాఖపట్టణపు రేవు నెఱిగిన శ్రోతలకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

తోడిన బురదతో పల్లపు నేలలను మెఱక చేయుట ఆ దేశపు వాడుక. ఒండ్రు పొలమునకు మేలని మన రైతునకును తెలియును గదా! వ్లార్డింగెను పట్టణము చెంత నున్న బ్రూక్‌పోల్డరును 1950 దశకము చివరనుండి ఇట్లే పూడ్చిరి. అచట ఇండ్లు కట్టవలెనని తలపు. తీరా చూడగా ఆ మట్టిలో భారలోహములు, పురుగుమందుల శేషములు బయటపడెను. ఇండ్లు లేవలేదు; అది విహారస్థలముగా మిగిలెను.

1986 నవంబరు 1న బాసెలు నగరము చెంత సాండోజు వారి గిడ్డంగి తగులబడి, మంటల నార్పిన నీరు విషముతో రైనులో కలిసెను. మఱుసటి యేడు రోటర్‌డాము వారు, అంతకుముందే తలపెట్టిన స్లుఫ్టరు అను మహాగుండమును సముద్రతీరమున సిద్ధపఱచిరి. అది 15 కోట్ల ఘనమీటర్ల బురద పట్టునది. అయినను దాచుట వేఱు, బాగుచేయుట వేఱు.

బాగుచేయు విద్యకు మూలము చేరువనే, డెల్ఫ్టు నగరమున ఉన్నది. బైయరింకు పండితుడు 1895లో, గాలి సోకని బురదలో సల్ఫేటును సల్ఫైడుగా మార్చు సూక్ష్మజీవిని కనుగొనెను. రేవు బురద నలుపునకును, క్రుళ్ళిన గ్రుడ్ల వాసనకును ఈ మార్పే కారణము. ఆయన శిష్యుడు సోంగెను 1913లో, కిరసనాయిలును పారఫినును ఆహారముగ గొను సూక్ష్మజీవులను గూర్చి వ్రాసెను. ఆ వ్రాత రేవు వారి పనికి వచ్చుటకు ఎన్ని దశాబ్దములు పట్టినదో చూడుడు!

1990 దశకమున రోటర్‌డాములోని ఒక రేవునుండియు, ఆమ్‌స్టర్‌డాము పెట్రోలియము రేవునుండియు తోడిన బురదను పొలమువలె పఱచి పరీక్షించిరి. బురద ఆఱి పగుళ్ళు వాఱును. పగుళ్ళలో గాలి చొచ్చును. నలుపు పోయి గోధుమవన్నె వచ్చును. డచ్చివారు దీనిని ‘పండుట’ అందురు. మాకీ మాట ఎంతయు నచ్చినది. గాలి సోకిన సూక్ష్మజీవులు నూనెను తినసాగును. మొదట నూనె వేగముగ తరుగును; పిదప మట్టిరేణువులలో ఇఱికిన శేషము వానికి అందదు. అందుచే కొన్ని మళ్ళను సంవత్సరముల తరబడి విడిచి, విల్లో చెట్లు నాటిరి. కర్చు స్వల్పమే, కాని నేలయు ఓర్పును కావలెను.

లోహముల విషయమున ఈ వైద్యము చెల్లదు. కాడ్మియమును, జింకును ఏ సూక్ష్మజీవియు తినజాలదు. పైగా సల్ఫైడుతో బంధింపబడి యున్న లోహము గాలి సోకగానే కరగి నీటిలోనికి జాఱవచ్చును. నూనెకు మందైనది లోహమునకు అపథ్యమన్నమాట. కనుకనే రోటర్‌డాము వారు 1980 దశకమునుండి నదికి ఎగువ నున్న కర్మాగారముల వారితో సంప్రదింపులకు దిగిరి. తరువాతి యేండ్లలో రైను ఒండ్రు క్రమముగ తేటపడెను. స్లుఫ్టరు గుండము వారనుకొనిన దానికంటె ఎంతో మెల్లగా నిండెను.