వెర్మాంటు కొండలలో ఆకురాలు కాలము

ఇచటివారు ఆటమ్ అనియు, ఫాల్ అనియు పిలుచుకొను ఋతువునకు తెలుగున ఏ పేరు పెట్టవలెనో, ఇరువది యేండ్లుగా ఇచట కాపురమున్నను నాకు నిశ్చయముగా తోచకున్నది. శరత్తందమా, మనకు శరత్తనగా తేరిన నీరు, పిండారబోసిన వెన్నెల, ఱెల్లుపూలు. ఆకు రాలుట కాదు. శిశిరమందమా, అది మాఘఫాల్గునముల మాట. ఆ మాసములలో ఇచట నేల కనబడదు, మంచే కనబడును. కావున మా పల్లెవారు అనునట్లే ఆకురాలు కాలమనియే వ్రాయుచున్నాను. ఆ కాలమున ఈ పల్లెలలో జరుగు తిరునాళ్ళను, విందులను గూర్చి మన చదువరులకు చెప్పదలచితిని. కాని వానికంటె ముందు గొఱ్ఱెలను గూర్చి చెప్పవలసియున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రముల ఈశాన్యమున, కెనడా సరిహద్దు నానుకొని, వైశాల్యమున మా ఉమ్మడి అనంతపురము జిల్లాకంటె పెద్దదియు, జనసంఖ్యలో ఆ జిల్లాకు ఆఱవవంతైనను లేనిదియు అగు కొండసీమ వెర్మాంటు. 2020 లెక్కలలో ఇచటి జనులు 6,43,077 మంది. అబెనకీ అను ఆదిమజాతివారు తరతరములుగా వేటాడి, మొక్కజొన్న పండించుకొనిన ఈ లోయలలోనికి పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున దక్షిణపు వలసలనుండి ఆంగ్లేయసంతతివారు గొడ్డళ్ళు పట్టుకొని వచ్చి, 1777లో తమకు తామే యొక రాజ్యాంగము వ్రాసికొని, పదునాలుగేండ్లు ఎవరికిని చెందక స్వతంత్రులై యుండి, 1791లో పదునాలుగవ రాష్ట్రముగా సమాఖ్యలో చేరిరి. వయస్సు వచ్చినవారిని బానిసలుగా నుంచుకొనరాదని శాసించిన ఆ రాజ్యాంగమును గూర్చి ఇచటివారు నేటికిని సగర్వముగా చెప్పుకొందురు. అబెనకీలను గూర్చి అంత తఱచుగా చెప్పుకొనరు.

ఇక గొఱ్ఱెల మాట. లిస్బను నగరమున అమెరికా కాన్సలుగా నుండిన విలియం జార్విసు, నెపోలియను దండయాత్రలచే స్పెయిను ప్రభువుల మందలు చెల్లాచెదరైన అదను చూచి, అంతకు మునుపు ఆ దేశము పొలిమేర దాటనీయని మెరీనో గొఱ్ఱెలను కొని యోడల కెక్కించి, 1811 ప్రాంతమున కొన్నిటిని ఇచటి వెదర్స్‌ఫీల్డు గ్రామమందలి తన పొలమునకు తోలించెను. నల్లని బిరుసు బొచ్చుతో నేసిన మా సీమ కంబళి కప్పుకొని పెరిగినవాడను కావున, మెరీనో ఉన్నిని మొదటిసారి చేతపట్టినపుడు అది గొఱ్ఱెదని నమ్మజాలకపోతిని. ఆ మెత్తదనమునకు దేశమంతయు మోహపడెను. ఉన్నిబట్టల మిల్లులు లేచెను. విదేశపు ఉన్నిపై సుంకములు పెరిగెను. 1840 నాటికి మూడు లక్షలైనను నిండని వెర్మాంటు జనమునకు రమారమి 17 లక్షల గొఱ్ఱెలు, అనగా మనిషికి ఆఱుచొప్పున, లెక్కకు వచ్చెను. వాని మేతకై కొండలకు కొండలే గొఱిగివేసినట్లు బోడివయ్యెను. నేలనుండి తవ్విన రాళ్ళను గట్లుగా పేర్చిరి. ఆ రాతికట్టలు కొండ యెక్కి దిగుచు క్రోసులకొలది పాఱెను.

పిమ్మట ఎక్కివచ్చిన వైభవమే దిగిపోయెను. 1825లో పూర్తియైన ఈరీ కాలువ పడమటి మైదానములకు త్రోవ తెఱచినది, సుంకములు తగ్గినవి, ఱాయి తగులని నల్లనేలలో అరచాలు దున్నిననే కాపు కాచునన్న వార్త ఉత్తరములలో వచ్చినది. గొఱ్ఱెల నమ్ముకొనిరి, బండ్లు కట్టిరి, ఒహాయోకును అంతకవతలికిని పోయిరి. 1860 నాటికి వెర్మాంటులో పుట్టినవారిలో ఐదుగురి కిద్దరు మఱియొకచోట కాపురముండిరి. నిలిచినవారు పాడిపశువులను పెట్టుకొని లోయలలో ఒదిగిరి. మీది పొలములు తుప్పలై, తుప్పలు చెట్లై, ఇప్పుడు రాష్ట్రమున నాలుగింట మూడువంతులు అడవి.

సెప్టెంబరు కడపట ఉత్తరపు గుట్టలపై మొదలై అక్టోబరు నడుమకు దక్షిణపు లోయలలోనికి దిగు ఆ వర్ణజ్వాలను చూచుటకు కార్లలోను బస్సులలోను తండోపతండములుగా వచ్చు యాత్రికులలో పెక్కండ్రు, ఈ యడవి సృష్ట్యాదినుండి ఇట్లే యున్నదని తలంతురు. పగలు ఎండ కాసి రాత్రి చలి కొఱికినపుడు ఆకుపచ్చదనము క్షీణించి, అడుగున దాగిన పసిమి బయటపడుటయు, మేపుల్ చెట్లలో ఆకునందు చిక్కుకొనిన చక్కెరవలన క్రొత్తగా ఎఱుపు పుట్టుటయు ప్రకృతిధర్మమే. కాని ఆ చెట్టు ఆ చోట నున్నది ఒకడు గొఱ్ఱెల నమ్ముకొని పోయినందున. చెట్లతోపాటు జింకలును లేకపోగా, 1878లో న్యూయార్కు రాష్ట్రమునుండి 17 జింకలను తెచ్చి విడిచి, దాదాపు ఇరువదియేండ్లు వేట మానవలసివచ్చెను. నేడు నవంబరునందు వేటదినములు వచ్చినప్పుడు తెల్లవారక మునుపే చర్చి వంటయింట దీపము వెలిగించి, వేటగాండ్రకు గ్రుడ్లును రొట్టెయు వండిపెట్టుటయు ఊరి వేడుకలలో ఒకటి.

ఆ తిరునాళ్ళకును గొఱ్ఱెయే మూలము. పొరుగు మసాచుసెట్సునందలి పిట్స్‌ఫీల్డులో ఎల్కానా వాట్సను అను నాతడు 1807లో రెండు మెరీనో గొఱ్ఱెలను ఊరి నడుమ చెట్టుక్రింద కట్టి, వచ్చిపోవువారికి చూపగా, మూగిన జనమును చూచి, పశువులను పంటలను ప్రదర్శించి బహుమతులిచ్చు ఏటేటి సంత యొకటి ఏల జరుపరాదని తలపోసెను. ఆ తలంపే వ్యాపించి ప్రతి కౌంటీకి ఒక సంత యయ్యెను. వెర్మాంటున టన్‌బ్రిడ్జి గ్రామమున 1867లో మొదలైన సంతను ఒక మాజీ లెఫ్టినెంటు గవర్నరు పరిహాసముగా బుల్లి ప్రపంచ సంత యనగా, ఊరివారు ఆ పరిహాసమునే బిరుదుగా తగిలించుకొనిరి. విషజ్వరము ప్రబలిన 1918లోను, రెండవ ప్రపంచయుద్ధ కాలమునను తప్ప ఇరువదవ శతాబ్దమంతయు అది ఏటేట జరిగినది.

అచట ఎద్దుల పందెమును చూచిన దినమున నేను మా తాడిపత్రి ప్రాంతపు బండలాగుడు మైదానమునకు పోయివచ్చినట్లే యయ్యెను. మనకడ బండ యొక్కటే, నియమిత కాలములో ఎంత దూరము లాగెనన్నది లెక్క. ఇచట దూరమే నియతము, ఆఱడుగులు. బండి చక్రములు లేని పీటపై దిమ్మలు పెంచుకొనుచు పోగా కడపట కదల్చినదే గెలిచిన జత. కొరడాచప్పుడు లేదు, ఈలలు లేవు, డప్పు అసలే లేదు. యజమాని జీ యనిన వలపలికి, హా యనిన దాపలికి మరలును. నా ప్రక్క కూర్చుండిన వృద్ధుడు ఒక జతను చూచి తల యూపిన తీరు, మా మేనమామ పరసలో ఎద్దు పండ్లు చూచి తల యూపు తీరే.

టన్‌బ్రిడ్జి సంత మొదలైన ఆ 1867వ సంవత్సరమునందే వాషింగ్టనున గ్రేంజి యను కర్షకసమాజము పుట్టి, 1871లో సెయింట్ జాన్స్‌బరీ పట్టణమున వెర్మాంటులో కాలుమోపెను. ఎక్కువగా సరకుల ధరలకును రైలుకూలికిని పోరాడినదని చరిత్రకారులు చెప్పుదురుగాని, నాకు వింతగొలిపినది మఱియొకటి: స్త్రీలకు సమాన సభ్యత్వ మిచ్చి, సభలో మూడు పీఠములను సిరీసు, పొమోనా, ఫ్లోరా యను పంట, పండు, పూవుల రోమక దేవతల పేర స్త్రీల కొసగెను. నిష్ఠాపరులైన ప్రొటెస్టెంటు రైతులు ప్రతి పక్షమున దేవతల సమక్షమున ఉర్లగడ్డల ధర చర్చించిరన్నమాట!

ఇన్నిటిలోను నా మనసుకు దగ్గఱైనది కోడిమాంసపు ‘పై’ (pie) విందు. అక్టోబరున ఒక్కొక్క శనివారము ఒక్కొక్క ఊరి చర్చిలో, చాలవఱకు చర్చికప్పు మరమ్మతుకో, పొయ్యికొనుటకో, ఈ విందు జరుగును. టిక్కెట్టున బంతి వేళ వ్రాసియుండును. మెత్తని రొట్టెబిళ్ళలు పైన పఱచి కాల్చిన కోడిమాంసము, మెదిపిన ఉర్లగడ్డలు, గుమ్మడి ముద్ద, క్యాబేజీ తురుము, క్రాన్‌బెఱ్ఱీ పచ్చడి, తుదకు ఆపిల్ పై. మగవారు కాఫీ కూజాలు పట్టుకొని తిరుగుదురు, వంటింటి పెత్తనము ఎనుబదియేండ్ల యవ్వలది. కారము పేరైనను ఎఱుగని ఆ కోడికూరపై నేను జేబులోని చెనిక్కాయల పొడిని రహస్యముగా చల్లుకొనుట మొదటి యేడే పట్టుబడినది. మఱుసటి యేడు నా బంతిలో ఆ పొడి కొఱకు నలుగురు చేయి చాచిరి.

మా యింటి వెనుక గుట్టపై ఆ రాతికట్ట యొకటి అడవిలోనుండి వచ్చి అడవిలోనికే పోవుచున్నది. దానిప్రక్క కూలిన యింటి పునాదిగుంటయు, ఒక ఆపిల్ చెట్టును కలవు. నాటిన చెట్టు కాకపోవచ్చును. దాని పిలకయో, పిలకకు పిలకయో. నిరుడు అక్టోబరున ఆ కాయలను గంపకెత్తుకొని, ఊరి పచ్చికమీద అందఱు కలిసి చేతిగానుగతో రసము తీయు చోటికి పోతిని. గానుగకడ నున్న ముసలమ్మ ఒక కాయను కొఱికి చూచి, నేను చెప్పకమునుపే అది ఏ గుట్టమీదిదో చెప్పి, ఆ యింటివారి పేరును చెప్పి, “వాళ్ళు ఒహాయో వెళ్ళిపోయారు” అనెను, పోయిన వారపు మాటవలె.

ఎప్పుడని యడిగితిని.

గానుగపిడి నా చేతికిచ్చి, “గొఱ్ఱెలు పోయినాక” అనెను.