కళాశాల విద్యార్థుల్లో ప్రథమ చికిత్స పరిజ్ఞానం, శిక్షణ

గాయపడినవారికి, హఠాత్తుగా జబ్బుపడినవారికి వైద్యం అందేలోగా పక్కనున్నవారు చేసే తొలి సాయమే ప్రథమ చికిత్స. భారతదేశంలో కళాశాల విద్యార్థులు దీన్ని ఎక్కువగా జాతీయ సేవా పథకం (1969), ఎన్‌సీసీ, యూత్ రెడ్‌క్రాస్ శిబిరాల్లో నేర్చుకుంటారు. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు శిక్షణతో పాటు సర్టిఫికెట్లూ ఇస్తాయి. శిబిరాల్లో చేరని విద్యార్థులకు మాత్రం చదువు పూర్తయ్యేదాకా ఈ అవకాశం దొరకకపోవచ్చు. ఇది అందరికీ తప్పనిసరి పాఠం కావలసిన విద్య.

తెలియకపోవడం కంటే తప్పుగా తెలిసి ఉండడం ప్రమాదకరం. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం తెలుగునాట ఇప్పటికీ కనిపిస్తాయి. చేయవలసింది చుట్టుపక్కల వస్తువులు తీసేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, కుదుపులు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టడం. అయిదు నిమిషాలు దాటినా కుదుపులు ఆగకపోతే 108 అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. పాము కరిచిన చోట కోయకూడదు, పైన తాడుతో బిగించకూడదు. కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. కాలిన చోట టూత్‌పేస్టు పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి.

గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ మాత్రం వింటే వచ్చేది కాదు. స్పృహ లేక, మామూలుగా ఊపిరి తీసుకోనివారి రొమ్ము ఎముక దిగువ సగంపై మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించి, పెద్దవారికైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. శిక్షణ బొమ్మపై మొదటిసారి ప్రయత్నించే విద్యార్థులు తరచూ మోచేతులు వంచేస్తారు, పైపైనే నొక్కుతారు, ఛాతీ తిరిగి పైకి లేవకముందే మళ్లీ నొక్కుతారు. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి గనుక నొక్కే మనిషి మారాలని కూడా అప్పుడే తెలుస్తుంది.

రోడ్డు ప్రమాదాల్లో సాయానికి అడ్డుపడేది పోలీసు కేసుల భయం. సుప్రీంకోర్టు 2016 తీర్పు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చేర్చిన 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తున్నాయి. శిక్షణలో ఈ సంగతీ చెప్పాలి. నేర్చిన నైపుణ్యం కొన్ని నెలల్లోనే తగ్గుతుంది కాబట్టి ఏటా బొమ్మపై మళ్లీ సాధన చేయించడం అవసరం.