మరపు ఎవరి నేరం?

మరపు, పరధ్యానం మనిషి స్వభావదోషాలని చాలామంది నమ్మకం. పాఠం మధ్య మాట మరచిన ఉపాధ్యాయుణ్ణి శ్రద్ధ లేనివాడంటాం. మందు పేరు తడబడిన నర్సుది నిర్లక్ష్యమంటాం. ఈ తీర్పు ఎవరికి అనుకూలమో తెలుసుకోవాలంటే చరిత్రలో కొంత వెనక్కు వెళ్ళాలి.

1861 ఆగస్టు 25న ఇంగ్లండులో బ్రైటన్ సమీపాన క్లేటన్ సొరంగంలో రెండు రైళ్ళు ఢీకొని 23 మంది మరణించారు. ఆనాడు సిగ్నలు యంత్రం సరిగా పనిచేయలేదు. మొదటి రైలు బయటపడిందని అవతలి వైపు నుంచి తంతిలో వచ్చిన జవాబును రెండవ రైలు గురించి అనుకొని, సిగ్నల్‌మాన్ మూడవ రైలును లోపలికి వదిలాడు. అప్పుడతడు చేస్తున్నది 24 గంటల డ్యూటీ. ఒక పూర్తి రోజు సెలవు కోసం అతడు అంతసేపు పనిలో వున్నాడు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ గ్రంథంలో, మరొక ప్రమాదానికి లండను జ్యూరీ ఎదుట నిలబడిన ముగ్గురు రైల్వే కార్మికుల మొరను మార్క్స్ నమోదు చేశాడు. పనిగంటలు 8 నుంచి 20 వరకు పెరిగాయనీ, ఒక హద్దు దాటాక మెదడూ కన్నూ పనిచేయవనీ వారి వాదన.

గంటల కొద్దీ చేసే పని తెచ్చే అలసట ఆ విధంగా గుర్తింపుకు వచ్చింది. కాని ఇతరుల బాధను రోజూ మోసే పనిలో మనసుకు కలిగే అలసటకు పేరు దొరకటానికి మరో వందేళ్ళు పట్టింది. నాజీ జర్మనీ నుంచి బాల్యంలో తప్పించుకొని అమెరికా చేరిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, పగలు తన వృత్తి చేసుకొని, రాత్రులు న్యూయార్కులోని ఒక ఉచిత వైద్యశాలలో సేవ చేసేవాడు. తోటి సేవకులలోను, తనలోను చూసిన స్థితిని 1974లో ‘బర్నవుట్’ అన్నాడు. చమురింకిన దీపం స్థితి అది. ఈ స్థితికి ముందు లోనయ్యేది సోమరులు కాదు, అందరికంటె అంకితభావం కలవారేనని ఆయన గమనించాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దీనిని కొలవటానికి ఒక ప్రశ్నావళి రూపొందించారు. అందులో మూడు లక్షణాలున్నవి: భావాలు ఇంకిపోవటం, ఎదుటివారు మనుషులుగా తోచకపోవటం, తాను సాధించిందేమీ లేదనిపించటం.

మరి జ్ఞాపకానికి దీనితో ఏమి సంబంధం? జ్ఞాపకం గిడ్డంగి కాదు. దృష్టి నిలిపినదే అందులో నిలుస్తుంది. ఒక పని చేస్తూ మరో విషయాన్ని మనసులో పట్టివుంచటం, అడ్డువచ్చే ఆలోచనలను తోసివేయటం ముఖ్యంగా నుదుటి వెనుకనున్న మెదడు భాగం పని. ఎడతెగని ఒత్తిడిలో దాని పట్టు సడలుతుంది. బర్నవుట్‌కు లోనైనవారిపై జరిగిన పరీక్షలలో తరచు దెబ్బతిన్నట్లు కనిపించినవి ఈ శక్తులే. కాబట్టి వారు మరచిపోయారనటం కంటె, చాలాసార్లు విషయం వారి మనసులో నాటుకోనే లేదనటం సబబు. పనికి దూరమై విశ్రాంతి తీసుకొన్నా కొందరిలో ఈ లోపం ఏళ్ళ తరబడి నిలిచివుంటుంది.

2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బర్నవుట్‌ను వ్యాధిగా కాక, అదుపులేని పని ఒత్తిడి ఫలితంగా పేర్కొన్నది. కారణం పనిలో వున్నదని ఒప్పుకున్నా, యాజమాన్యాలు సాధారణంగా మందు మనిషికే పోస్తున్నవి: ధ్యానం చెయ్యి, ఓర్పు పెంచుకో అంటున్నవి. తరగతిలో పిల్లల సంఖ్య, రాతపనుల బరువు, డ్యూటీ గంటలు మాత్రం అలాగే వున్నవి.

ఇతరులను విమర్శించి వూరుకుంటే మనకు చాలదు. ఫ్రాయిడెన్‌బర్గర్ చూసినది లాభాల కోసం నడిచే ఫ్యాక్టరీని కాదు, ఆదర్శంతో నడిచే సేవాకేంద్రాన్ని. త్యాగం పేరుతో కార్యకర్తను రాత్రింబగళ్ళు తిప్పి, అతడు సమావేశంలో విషయం మరచిపోతే క్రమశిక్షణ లేదని మందలించే సంఘం, తెలియకుండానే యజమాని తర్కాన్ని అరువు తెచ్చుకుంటున్నది. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం నిలబడ్డారు. విశ్రాంతి హక్కు, మనిషి తన మనసు తన వశంలో వుంచుకొనే హక్కు కూడా ఆ కోరికలో వున్నవి. ఆ హక్కును మన సంఘాలలోనే ముందుగా అమలు జరపాలి.