దుమ్ముగూడెము: ఒక మన్యపు పల్లె చరిత్ర



రాజధానులకును, కోటలకును, యుద్ధభూములకును చరిత్ర వ్రాయుట లోకములో వాడుక. అడవి నడుమ నున్న చిన్న పల్లెకు చరిత్ర యేమున్నదని పలువురు తలంతురు. కాని గోదావరి యెడమ గట్టున, భద్రాచలమునకు ఎగువను ఇంచుమించు ఎనిమిది క్రోసుల దూరమున నున్న దుమ్ముగూడెము ఒక కాలమున సీమలోని దొరల నోట మెదలిన పేరు. ఆ పేరు ఎట్లు పైకి వచ్చినదో, ఎట్లు మరుగుపడినదో, ఆ పిమ్మట పల్లెకు మిగిలిన దేమో నేడు మనవి చేసెదను.

గూడెమనగా మన్యపు ప్రజలు కలసి యుండు చోటు. ఈ సీమకు ప్రాచీన నివాసులు కోయవారు. కొండవాలున పోడు కొట్టి జొన్నలు పండించుట, ఇప్పపువ్వు ఏరుట, వెదురు నరకుట, వేటాడుట వారి జీవనము. విత్తులు చల్లుటకు ముందు భూమి పండుగ చేయుదురు. కొత్త పంటను దేవతకు చూపక నోట పెట్టరు. వారి భాషకు లిపి లేకున్నను అది మన తెలుగునకు దాయాదియైన ద్రావిడ భాషయే. గోండు భాషకు మిక్కిలి దగ్గరిది. సీతారాములు వసించిరని జనులు నమ్మెడి పర్ణశాలయు ఈ ప్రాంతముననే కలదు.

ఇట్టి పల్లెను లోకము దృష్టికి తెచ్చినవి గోదావరిలోని రాళ్లు. సర్ ఆర్థరు కాటను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్టను ముగించెను. పిమ్మట ఆయన చూపు నది పై భాగమునకు మరలెను. బేరారు, నాగపురము ప్రాంతముల ప్రత్తిని పడవలపై సముద్రతీరమునకు దించవలె నన్నది ఆయన ఆశ. నేలదారికంటె నీటిదారి చవుక యని ఆయన దృఢవిశ్వాసము. కాని నదిలో మూడు చోటుల బండలు అడ్డుపడియుండెను. మొదటి యాటంకము దుమ్ముగూడెము. రెండవది ఇంద్రావతి కలియు చోటికి దాపున. మూడవది ప్రాణహిత మీద. 1861లో అమెరికా దేశమున అంతర్యుద్ధము పుట్టి అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు చేరక పోవుటతో, మన ప్రత్తికి గిరాకి పెరిగెను. నదీమార్గమునందు దొరలకు ఆతురత హెచ్చెను.

అంతకు ముందే, 1860లో, నైజాము ప్రభువు గోదావరి యెడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి ఒప్పగించి యుండెను. పడవదారికి గట్టు వారి చేతికి వచ్చినది. హేగు అను ఇంజనీరు దొర పనులు నడపెను. దుమ్ముగూడెము వద్ద నదికి అడ్డముగా ఆనకట్టయు, రాళ్లను తప్పించుకొని పోవుటకు ప్రక్కగా కాలువయు, కాలువకు లాకులును ఏర్పడినవి. లాకు అనగా ముందు వెనుకల తలుపులు గల నీటిగది. పడవ గదిలోనికి రాగానే దిగువ తలుపు మూసి, ఎగువ నీటిని మెల్లగా విడుతురు. నీరు పెరిగిన కొలదిని పడవయు పెరిగి, పై మట్టమునకు చేరును. మనుష్యులు మెట్లెక్కినట్లు పడవ నది నెక్కు నేర్పు ఇది.

ఇంత చేసినను పథకము ఫలింపలేదు. వేసవిలో నీరు చాలదు. వానకాలమున వరద భయంకరము. మైదానమునుండి వచ్చిన పనివారిని మన్యపు జ్వరము పీడించెను. వ్యయము ఏటేట పెరిగెను. 1867లో బొంబాయినుండి రైలు నాగపురమునకు చేరెను; ప్రత్తి ఆ దారిని పోయెను. 1871లో ప్రభుత్వము పనిని విడిచిపెట్టెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టిన సామెత మనమెరుగుదుము. ఇచ్చట ఏరు దాటకమునుపే తెప్పను విడిచిపోయిరి.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ధవళేశ్వరపు ఆనకట్ట డెల్టా పొలములను తడిపినది. దుమ్ముగూడెపు ఆనకట్ట పడవల కొరకు కట్టినది. బేరారు ప్రత్తి అక్కర పథకమును పుట్టించెను. నాగపురపు రైలు దానిని ముగించెను. ఈ రెంటిలోను గూడెపు అక్కరకు తావు లేదు.

అయినను ఆ కాలము కొంత జాడ విడిచినది. హేగు దొర ప్రేరణతో 1860 ప్రాంతమున క్రైస్తవ మిషను ఇచ్చట నెలకొన్నది. ఆయన క్రింద ఉద్యోగము చేసిన వెంకటరామరాజు అను నాతడు మతము మారి, కోయవారి నడుమ బోధకుడై పనిచేసెను. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అను పాదిరి కోయభాష నేర్చి, వారి ఆచారములను గూర్చి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో వ్రాసెను. 1889లో లూకా సువార్త కోయభాషలో అచ్చుపడెను. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులములను గూర్చి ప్రకటించిన సంపుటములలో కోయవారి ప్రకరణమునకు కెయిన్ వ్రాతలే ముఖ్యాధారము. పరదేశి కంటితో వ్రాసినవగుటచే వానిని పరీక్షించి గ్రహింపవలెను. అయినను నూరేండ్లు దాటిన మాటలు మనకు దక్కినవి.

పల్లె తాను కదలకయే పలువురు ఏలికలను చూచినది. నైజామునుండి 1860లో విడివడి సీమధ్య పరగణాలలో చేరెను. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చెను. 1925లో ఆ జిల్లా తూర్పు గోదావరి యయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 1959లో ఖమ్మము జిల్లా. 2014లో పోలవరము కారణముగా పొరుగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా దుమ్ముగూడెము తెలంగాణములోనే నిలిచెను. 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది.

కచేరీలు మారినను ప్రధానమైన ప్రశ్న భూమిని గూర్చినదే. అప్పు పేర కోయవాని చెలక షావుకారు వశమగుచుండగా, 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీలో అట్టి బదిలీలకు అడ్డుకట్ట వేసెను. 1959 నాటి నిబంధనము దానిని బలపరచెను. 1970 సవరణచే గిరిజనేతరులు తమలో తామైనను అచ్చటి భూమిని క్రయవిక్రయములు చేయరాదని యేర్పడెను.

ఇక నది సంగతి. భద్రాచలము కడ 53 అడుగులు దాటిన మూడవ ప్రమాద సూచన. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగినది. అట్టి నదిపై మరల పెద్ద పని వచ్చినది. దుమ్ముగూడెము కడ నీటిని ఎత్తి కొత్తగూడెము, ఖమ్మము, మహబూబాబాదు జిల్లాలకు చేర్చు సీతారామ ఎత్తిపోతల పథకమునకు 2016లో శంకుస్థాపన జరిగెను; పాత ఆనకట్ట ప్రాంతముననే సీతమ్మసాగర మను కొత్త నిర్మాణమును చేపట్టబడినది. ఎండిన పొలమునకు నీరు పోవుట పుణ్యకార్యమే. కాని నీరు పోవు చోటును మాత్రమేగాక, నీరు తీయు చోటును సైతము లెక్కింపవలెను గదా!

నాటికిని నేటికిని ఒక భేదము కలదు. నాడు పల్లెను అడుగవలె నన్న శాసనము లేదు. నేడు కలదు. 1996 నాటి పంచాయతీ శాసనము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన పంచాయతీనో సంప్రదింపవలెను. 2006 నాటి అటవీహక్కుల శాసనము ప్రకారము హక్కు కోరు దరఖాస్తు గ్రామసభయందే మొదలగును.

కావున మన్యపు గ్రామములలో చదువు నేర్చిన పెద్దలకు నా విన్నప మిది. గ్రామసభ నాడు ఇంట కూర్చుండకుడు. తీర్మానము వ్రాయునపుడు దగ్గర నుండుడు. చదువురాని కోయ సోదరునకు దానిని పూర్తిగా చదివి వినిపించి, అటుపిమ్మటనే వ్రేలిముద్ర వేయనిండు. ఏ చేను ఎవరిదో, ఏ వరద ఎంతవరకు వచ్చెనో, ఏ చెట్టుక్రింద ఏ పండుగ జరుగునో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. తొలి పథకమునాడు పల్లె మాట కాగితమున కెక్కలేదు. ఈ మారు అట్లు కాకుండ చూచుట మీ చేతిలోని పని.