ఒక్క గోల్ తక్కువైంది

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఖాళీ జాగా కనిపిస్తే పిల్లలు వికెట్లే పాతుతారు. కానీ ఒకప్పుడు మన నగరానికి ఫుట్‌బాల్ పిచ్చి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962 ఆసియా క్రీడల్లో దేశానికే బంగారు పతకం సాధించిపెట్టారు. ఆ తర్వాత అంతా మసకబారింది.

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడేందుకు హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజన్‌లో గెలిచినవి రెండే మ్యాచ్‌లు, దక్కింది ఆఖరి స్థానం. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లను నమ్మాడు. ఆట గాడిన పడింది. 2021 ఫిబ్రవరి 28న గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్స్ బెర్తు ఖాయం. తొంభై నిమిషాలు ఆడినా 0-0. ఒక్క గోల్ చాలు, అదే రాలేదు.

ఆ గోల్ కొట్టే మనిషి కోసం వెతికితే దొరికింది ముప్పై ఆరేళ్లవాడు! నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఒగ్బెచే. చాలామంది స్ట్రైకర్లు బూట్లు విప్పేసే వయసు.

అతని కథ మాత్రం చాలా ముందే మొదలైంది. పదహారేళ్ల ప్రాయంలో పారిస్ సెయింట్ జర్మెయిన్‌లో చేరాడు. రొనాల్డినో, ఒకోచా లాంటి వాళ్లున్న క్లబ్బు అది. పదిహేడేళ్లకే 2002 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద బరిలోకి దిగాడు. ఇక తిరుగులేదనుకున్నారంతా. తిరుగుడే మిగిలింది. అద్దె ఆటగాడిగా బాస్టియా, మెట్జ్; ఆ తర్వాత యూఏఈ, స్పెయిన్, గ్రీస్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్. ఎక్కడా వేళ్లూనలేదు. పెద్ద క్లబ్బుల తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఆడటం మాత్రం మానలేదు.

2018లో గువాహటి జట్టు నార్త్ఈస్ట్ యునైటెడ్ పిలిచింది. అక్కడ 12 గోల్స్, మరుసటేడు కేరళ బ్లాస్టర్స్ కెప్టెన్‌గా 15, ముంబైలో 8, దాంతోపాటు ట్రోఫీ. ఇన్ని ఊళ్ల నీళ్లు తాగినవాడికి పరుగు కన్నా ముందు చోటు ముఖ్యమని తెలిసిపోయింది. డిఫెండర్ చూపు బంతి మీదికి మళ్లిన క్షణంలో రెండడుగులు పక్కకు జరుగుతాడు. క్రాస్ వచ్చేసరికి తల సిద్ధంగా ఉంటుంది. ఇది నేర్పితే వచ్చే విద్యేనా అని నాకు అనుమానమే.

హైదరాబాద్ జెర్సీలో తొలి సీజన్‌లోనే 18 గోల్స్ కొట్టాడు. గోల్డెన్ బూట్ అతనిదే. గోవా స్ట్రైకర్ కోరోమినాస్ పేరు మీదున్న 48 గోల్స్ లీగ్ రికార్డునూ దాటేశాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఎదురుగా అతని పాత జట్టు కేరళ. చిత్రమేమిటంటే ఆ రోజు ఒగ్బెచేకి గోలే పడలేదు. రెండో సగంలో కేరళ ముందంజ వేసింది. ఆశలు ఆవిరయ్యే వేళ, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపేశాడు. 3-1తో కప్పు మనది.

కరోనా వల్ల మనోలో వచ్చాక తొలి రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి కాబట్టి సొంత అభిమానులు ఒగ్బెచేని గచ్చిబౌలి స్టేడియంలో చూసింది 2022 అక్టోబరులోనే. మనవైపు నుంచైతే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకోవాలి. అంత దూరం వెళ్లినవాళ్ల శ్రమ వృథా కాలేదు. బెంగళూరు మీద ఆట 0-0తో ముగిసేలా ఉన్నప్పుడు, చివరి పది నిమిషాల్లో ఒగ్బెచే గోల్ కొట్టాడు. జట్టు 1-0తో గెలిచింది.

ఆ సీజన్‌లో మరో పది గోల్స్ చేర్చి, లీగ్‌లో మొత్తం 63 గోల్స్‌తో హైదరాబాద్‌ను వీడాడు. ఆ లెక్కను 2024లో బెంగళూరు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి దాటాడు.