చెరపకూడని అంకెలు

ఎనిమిదో తరగతిలో సైన్సు రికార్డులో ఒక అంకె తప్పు పడితే రబ్బరుతో చెరిపేశాను. మాస్టారు చూశారు. "చెరపకురా. ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయి. నువ్వేం చూశావో రేపు ఇంకొకడికి తెలియాలి" అన్నారు. ఆ మాటే నా ఉద్యోగమవుతుందని అప్పుడు తెలియదు.

తెలుగునాట సముద్ర విజ్ఞానానికి వాల్తేరు పుట్టిల్లు. 1952లో అమెరికా నుంచి వచ్చిన ఆచార్య లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు బాటలు వేశారు. 1959-65 మధ్య పలు దేశాల నౌకలు హిందూ మహాసముద్రాన్ని కలిసి పరిశోధించాయి. ఆ కృషి ఫలితంగానే 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దాని ప్రధాన కేంద్రం గోవాలో ఉంది. దేశాలు తమ కొలతలను ఇచ్చిపుచ్చుకోవడానికి యునెస్కో సముద్ర కమిషన్ 1961లోనే ఒక ఏర్పాటు చేసింది. మన దేశం తరఫున ఆ బాధ్యత ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ది. 1999లో మొదలైన ఆ కేంద్రంలోనే నేను డేటా విభాగంలో పనిచేశాను.

సముద్రం లేని ఊళ్లో సముద్రం పనేమిటని మిత్రులు నవ్వేవారు. ఆర్గో తేలియాడే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతాయి. హిందూ మహాసముద్రానికి సంబంధించిన ఆర్గో ప్రాంతీయ కేంద్రం కూడా ఇన్‌కాయిసే. వచ్చిన అంకెను పరీక్షించి పక్కన గుర్తు వేస్తాం: 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. చెడ్డదాన్ని కూడా చెరపం. అచ్చం మాస్టారి పద్ధతే! ఆ డేటా ప్రపంచంలో ఎవరికైనా ఉచితం.

అయినా నేనూ తప్పు చేశాను. పరిశోధన విద్యార్థిగా ఒక నెలపాటు ఆటుపోట్లు కొలిచి, ఆ వేళలు మన కాలమానమో గ్రీనిచ్ కాలమానమో రాయలేదు. తేడా ఐదున్నర గంటలు. అంతలో పోటు కాస్తా దాదాపు ఆటు అవుతుంది. నెల శ్రమ వృథా అయింది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. భూకంప కొలతలు, సముద్రమట్టం కొలతలు పొరుగు దేశాల నుంచి కూడా నిమిషాల్లో అందితేనే అది పనిచేయగలదు. డేటా పంచుకోవడమంటే ప్రాణాలు కాపాడటమని అక్కడే నాకు అర్థమైంది.

ఈ సంచిక కోసం మన తొలి బ్యాచ్‌ల గ్రూప్ ఫోటోలు తీస్తే, చాలావాటి వెనుక పేర్లు లేవు, సంవత్సరం లేదు. ఆ ముఖాలను గుర్తుపట్టగల గురువులు మన మధ్య ఇంకా కొందరే ఉన్నారు. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్న ఫోటోలు తీసుకురండి. వారి పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ రాద్దాం. ఎవరి పేరైనా తప్పు పడితే, చెరపకండి. ఒక గీత కొట్టి, పక్కన రాయండి.