రెనే గ్రూవో ఫ్యాషన్ చిత్రాలు
ఇటలీలోని రిమినిలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న రెనే గ్రూవో (1909–2004) బొమ్మలను వట్టి ప్రకటనలని కొట్టిపారేయలేం. 1947 ఫిబ్రవరిలో దుస్తుల రూపకర్త క్రిస్టియన్ డియోర్ తొలి ప్రదర్శనతో సన్నని నడుము, విశాలమైన స్కర్టు సంచలనమయ్యాయి. ఆ ఆకారాన్ని గ్రూవో దట్టమైన నల్లని గీతతో, ఒకటి రెండు చదునైన రంగులతో పట్టుకున్నాడు. బట్ట నేత, కుట్టు పనితనం ఫొటోలోనే బాగా తెలుస్తాయన్న అభ్యంతరం నిజమే. అయితే దుస్తుల రూపకర్త దేన్ని ముఖ్యమనుకున్నాడో చూపించాలంటే తక్కినవి వదిలేయాలి. ఆ స్వేచ్ఛ కుంచెకే ఎక్కువ. మిస్ డియోర్ సెంటు ప్రకటనకు అతను గీసింది మెడలో ముత్యాల హారం, నల్ల రిబ్బను ముడి ఉన్న తెల్ల హంసను. సీసా ఊసే లేదు, అయినా డియోర్ సొగసు ఇట్టే తెలిసిపోతుంది. గ్రూవో బొమ్మలకు ఫ్యాషన్ చరిత్రతో పాటు చిత్రకళా చరిత్రలోనూ చోటు దక్కాలి.